ముట్టడిలో పసిబొజ్జ

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఊళ్లలో చంటిబిడ్డ నాలుక తెల్లబడితే ముందుగా చూసేది తల్లి కాదు, ఇంట్లో అవ్వ. బిడ్డను వాకిట్లోకి తెచ్చి వెలుతురుకు తిప్పుతుంది. గడ్డం కింద బొటనవేలు ఆనించి నోరు తెరిపిస్తుంది. ఉతికిన పాత చీర పేలిక చూపుడువేలికి చుట్టి, నాలుక మీద ఒక్కసారి మెల్లగా తుడుస్తుంది. తెలుపంతా పేలికతో వచ్చేస్తే అది పాల పొర. "ఏం లేదులేమ్మా, తాగిన పాలు ఆరిపోయినాయి" అని బిడ్డను తల్లి ఒళ్లో వేసి తన పనిలో పడిపోతుంది. తెలుపు కదలకుండా, బుగ్గల లోపల, చిగుళ్ల మీద కూడా అతుకులు అతుకులుగా పట్టుకుని ఉంటే, కాస్త గట్టిగా రుద్దినచోట ఎర్రగా కందిపోయి బిడ్డ కేరుమంటే అది పూత. పిల్లల డాక్టర్లు చదువుకునే పుస్తకాల్లో ఉన్న పరీక్ష కూడా ఇదే. తెల్ల కోటు లేదన్న మాటే గానీ రోగ నిర్ధారణలో అవ్వకు వంక పెట్టడానికేమీ లేదు.

ఆ పూత క్యాండిడా అనే ఒక జాతి ఈస్టు పని. రొట్టెల పిండిని పొంగించే ఈస్టుకు ఇది దూరపు చుట్టం. పాతకాలపు డాక్టర్లు దీన్ని మోనీలియా అనేవాళ్లు. 1923లో హాలండులోని ఉట్రెక్ట్‌లో క్రిస్టీన్ బెర్ఖౌట్ అనే పరిశోధకురాలు తన సిద్ధాంత గ్రంథంలో దీన్ని క్యాండిడా అని వేరుచేసింది. కొత్తగా ఊళ్లోకి దిగిన శత్రువేమీ కాదు. ఆరోగ్యంగా తిరిగే మనుషుల్లో చాలామంది నోట్లో, పేగుల్లో, చర్మం మడతల్లో ఊరికే కాపురం చేస్తూ ఉంటుంది. చుట్టూ కోట్లకొద్దీ బాక్టీరియా, పైన ఒంటి రక్షణ బలగం ఉన్నంతకాలం దానికి తలెత్తే సందు దొరకదు. నెలల బిడ్డకు ఆ ఇరుగుపొరుగూ కుదురుకోలేదు, ఆ బలగమూ పూర్తిగా తయారు కాలేదు. కాన్పు సమయంలోనో, తల్లి చనుమొన నుంచో, సరిగా కాచని పాలసీసా పీక నుంచో నోట్లో చేరి కొన్నాళ్లు పెత్తనం చేస్తుంది. మొదటి ఆరు నెలల్లో ఇది మామూలు సంగతి. కంటికి కనబడుతుంది, మందుకు లొంగుతుంది, చాలాసార్లు తనంతట తానే పోతుంది కూడా.

నిర్ధారణ దాకా బాగానే ఉన్న అవ్వ, చికిత్స దగ్గర మాత్రం కొంచెం తడబడుతుంది. పచారీ కొట్టులో వెలిగారం తెప్పిస్తుంది. పెనం మీద వేస్తే అది చిటపటలాడి తెల్లగా పొంగి గుల్లబారుతుంది. దాన్ని నలిపి, కొండ తేనెలో రంగరించి, బిడ్డ నాలుకకు రాస్తుంది. తెలుగు ఇళ్లలో తరాలుగా నడుస్తున్న చిట్కా ఇది. పెద్దవాళ్ల నోటిపూతకు ఇప్పటికీ వాడతారు. అయితే ఇదే జోడీ సముద్రాలకు అవతల కూడా ఉండేది. 1983లో పిల్లల వైద్య పత్రిక 'ఆర్కైవ్స్ ఆఫ్ డిసీజ్ ఇన్ చైల్డ్‌హుడ్'లో ఇద్దరు డాక్టర్లు ఏడుగురు పసికందుల కథ రాశారు. ఏడుగురికీ మూర్ఛలు. కారణం వెతికితే, పిల్లలు చీకే రబ్బరు పీకలను వాళ్ల తల్లులు తేనె, వెలిగారం కలిపిన మందులో ముంచి నోట్లో పెడుతున్నారని తేలింది. వెలిగారంలోని బోరాన్ పసి ఒంట్లో రోజురోజుకూ పోగుపడిపోయింది.

తేనె సంగతి వేరే. 1976లో కాలిఫోర్నియాలో మొదటిసారి పసిపిల్లల బొటులిజం అనే జబ్బును గుర్తించారు. తేనెలో ఉండగల ఒక బాక్టీరియా బీజాలు పెద్దవాళ్ల పేగుల్లో ఏమీ చేయలేవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మాత్రం మొలకెత్తి, నరాలను పడగొట్టే విషం తయారు చేస్తాయి. అందుకే ఏడాది లోపు బిడ్డకు ఒక్క చుక్క తేనె కూడా వద్దని డాక్టర్లు చెప్పేది. కొండ తేనె ఎంత స్వచ్ఛమైనదైనా సరే. స్వచ్ఛతకూ దీనికీ సంబంధం లేదు, బీజాలు ప్రకృతిసిద్ధమైనవే కదా.

ఇంతవరకూ కంటికి కనబడే ఈస్టు గురించి. అసలు తంటా కనబడని ఈస్టుతో వచ్చింది.

ఈ మధ్య నాలుగైదేళ్ల పిల్లలున్న ఇళ్లలోకి ఒక కొత్త అనుమానం ఫోను ద్వారా వస్తోంది. బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడో, డాలస్‌లో ఉన్న వదినో ఒక వీడియో పంపుతారు. పిల్లాడు మొండికేస్తున్నాడా? తీపి కావాలని ఏడుస్తున్నాడా? కడుపు ఉబ్బరంగా ఉంటోందా? నిద్రలో పొర్లుతున్నాడా? చర్మం మీద దద్దుర్లా? మాట ఆలస్యమా? అయితే పేగుల్లో ఈస్టు పెరిగిపోయింది. ఈ లెక్కన ఈస్టు పెరగని పిల్లాడు నెల్లూరు జిల్లాలో ఒక్కడు దొరకడు. రెండేళ్ల పిల్లాడు తీపి అడగకపోతేనే నిజానికి కంగారుపడాలి. అనుమానం తీర్చుకోవడానికి ఇంటి పరీక్ష కూడా చెబుతారు: పొద్దున్నే గ్లాసు నీళ్లలో ఉమ్మి వేయించి చూడమంటారు, దారాలు దారాలుగా కిందికి దిగితే ఈస్టు ఉన్నట్టేనట. ఉమ్మిలో జిగురు ఉంటుంది, జిగురు నీళ్లలో దారంలా సాగుతుంది. ఎవరి ఉమ్మి అయినా అంతే, వీడియో చేసినవాడి ఉమ్మి అయినా.

పరీక్ష తరువాత పథ్యం. చక్కెర వద్దు, బెల్లం వద్దు, పాలు వద్దు, గోధుమ వద్దు, అరటిపండు, సపోటా, మామిడి వద్దు. పులిసింది కాబట్టి ఇడ్లీ, దోసె వద్దు. కొన్ని జాబితాల్లో పెరుగు ముద్దు, కొన్నింటిలో అదీ వద్దు. వాటి బదులు కొబ్బరినూనె చెంచాడు, వెల్లుల్లి రసం, ఆపిల్ వెనిగర్ చుక్కలు, పొట్లాల్లో వచ్చే ప్రోబయోటిక్ పొడి. తెలుగువాళ్లకు పథ్యమంటే మొదటినుంచీ ఒక గౌరవం. బాలింత పథ్యం, కామెర్ల పథ్యం, మందు పథ్యం. నోరు కట్టుకుంటేనే రోగం కుదురుతుందన్న నమ్మకం ఎముకల్లో ఉంది. అందుకే అమెరికాలో పుట్టిన ఈ జాబితా మనవాళ్లకు పరాయిగా అనిపించదు.

జాబితా పుట్టిన చోటు అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ అనవచ్చు. అక్కడి డాక్టర్ ఓరియన్ ట్రస్ 1970ల చివర్లో మొదలుపెట్టిన వాదాన్ని టెనెసీకి చెందిన పిల్లల డాక్టర్ విలియం క్రూక్ 1983లో 'ద ఈస్ట్ కనెక్షన్' అనే పుస్తకంతో ఇంటింటికీ చేర్చాడు. నీరసం నుంచి దిగులు దాకా, పిల్లల చిరాకు నుంచి అలర్జీల దాకా అన్నిటికీ మూలం పేగుల్లోని ఈస్టేనన్నది వాదం. 1986లో అమెరికా అలర్జీ నిపుణుల అకాడమీ ఇది ఊహే తప్ప రుజువు లేనిదని తేల్చింది. 1990లో అదే బర్మింగ్‌హామ్‌లో విలియం డిస్ముక్స్ బృందం దాన్ని తూకం వేసింది. ఈస్టు బాధితులమని నమ్మిన 42 మంది స్త్రీలకు కొన్నాళ్లు ఈస్టును చంపే మందు, కొన్నాళ్లు ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎప్పుడు ఏది ఇస్తున్నారో పుచ్చుకునేవాళ్లకూ తెలియదు, ఇచ్చేవాళ్లకూ తెలియదు. మామూలు ఈస్టు ఇన్ఫెక్షన్ దురదలు అసలు మందుతో తగ్గాయి. నీరసం, దిగులు వంటివి మాత్రం రెండింటితోనూ దాదాపు ఒకేలా తగ్గాయి.

ఉదయగిరి దుర్గం కిందనుంచి బస్సులో పోయే ఎవరికైనా ముట్టడి అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర చుట్టుముట్టి 1514లో పట్టుకున్నారు. అంత నిటారు కొండను ఎక్కి గెలవడం కష్టం, అందుకే దారులన్నీ మూసి లోపలికి గింజ పోకుండా చూడాలి. ఈస్టు పథ్యం ఆలోచన సరిగ్గా ఇదే: తీపి ఆపు, పిండి ఆపు, లోపలి శత్రువు మాడి చస్తాడు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. ఒక్కటే చిక్కు. కోటలో శత్రువుతో పాటు పిల్లాడు కూడా ఉన్నాడు, ముందు మాడేది వాడు.

పైగా శత్రువుకు ఆ గింజలతో అంత పని కూడా లేదు. మనం తిన్న చక్కెరలో ఎక్కువ భాగం చిన్నపేగు పై భాగంలోనే రక్తంలోకి పోతుంది. కింద ఉండే ఈస్టు దాకా చేరేది తక్కువ. 1999లో జర్మన్ పరిశోధకులు 28 మంది ఆరోగ్యవంతులకు రోజువారీ తిండి మీద అదనంగా చక్కెర తినిపించి పేగుల్లో క్యాండిడాను లెక్కపెట్టారు. పెద్ద తేడా కనబడలేదు. అంతదాకా ఎందుకు, తల్లిపాలనే చూడండి. నూరు మిల్లీలీటర్ల తల్లిపాలలో ఏడు గ్రాముల దాకా లాక్టోజ్ చక్కెర ఉంటుంది. తీపి ఆపితే పూత పోయే మాటే నిజమైతే ముందు ఆపాల్సింది చనుబాలు. పూత వచ్చిన బిడ్డకు పాలు ఆపమని ఏ డాక్టరూ చెప్పడు, ఏ అవ్వా చెప్పదు.

తీపి తింటే కడుపులో ఏదో పెరుగుతుందన్న మాట మనకు కొత్త కూడా కాదు. "బెల్లం తింటే కడుపులో పురుగులు పడతాయి" అని ప్రతి తెలుగు తల్లీ బెదిరిస్తుంది. నులిపురుగులు బెల్లంలోంచి రావు, పురుగు గుడ్లున్న మట్టిలోంచి, కడుక్కోని చేతుల్లోంచి వస్తాయి. అందుకే ప్రభుత్వం 2015 నుంచి నులిపురుగుల నివారణ దినాలు పెట్టి, అంగన్వాడీల్లో, బళ్లలో ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తోంది గానీ బెల్లం కొట్లు మూయించడం లేదు. కనబడని పురుగు పోయి కనబడని ఈస్టు వచ్చింది. బెదిరింపు మాత్రం పాతదే.

మెట్ట ప్రాంతంలో ఈ పథ్యానికి ఇంకో ముఖం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, 16 మంది ఎత్తుకు తగ్గ బరువు లేక బక్కచిక్కి ఉన్నారు. ఆరు నెలలు దాటిన పిల్లల్లో నూటికి 63 మందికి రక్తం తక్కువ. వర్షాధారం మీద సజ్జ, జొన్న, కంది పండించుకునే ఊళ్లలో పసిపిల్లాడి పళ్లెంలో ఉండే బలమైన తిండి ఏమిటంటే కాసిన్ని బర్రె పాలు, గరిటెడు పెరుగు, ఒక అరటిపండు, అంగన్వాడీ ఇచ్చే బాలామృతం. బాలామృతంలో ఉండేవి వేయించిన గోధుమ, సెనగ, పాలపొడి, నూనె, చక్కెర. ఈస్టు జాబితా తెచ్చి పక్కన పెట్టి చూస్తే పప్పు, నూనె మిగులుతాయి. డాలస్‌లో ఆ జాబితా పాటించే పిల్లాడికి బాదం పాలు, అవకాడో, డైటీషియన్ ఉంటారు. ఉదయగిరి పిల్లాడికి గంజి మిగులుతుంది.

దీనిలో అన్నిటికంటే చేదైన సంగతి, తీవ్రమైన పోషణ లోపమున్న పిల్లలకే నోటిపూత ఎక్కువగా పట్టుకుంటుంది. తిండి చాలని ఒంట్లో రక్షణ బలగం సన్నగిల్లుతుంది, ఈస్టు నోట్లోంచి గొంతులోకి దిగుతుంది, మింగితే నొప్పి, నొప్పికి తినడం ఇంకా తగ్గుతుంది. అలాంటి బిడ్డకు వైద్యమంటే పూతకు మందు వేస్తూనే తిండి పెంచడం. కాబట్టి ఈస్టును మాడ్చబోయి ఈస్టునే బలపరచడం కూడా జరగవచ్చు.

పేగుల్లో ఈస్టు మీద నింద పడటం ఇది మొదటిసారి కాదు. వెనకటి కథలో ఒక తెలుగు ఇల్లు ఉంది.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు యువకుడిగా ఉన్నప్పుడు ఆయన అన్న, తమ్ముడు ఇద్దరూ కొద్దిరోజుల తేడాతో పోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన వైద్యులు సంగ్రహణి అనేవారు. నాలుక ఎర్రగా పుండుపడుతుంది, ఎడతెగని జిగట విరేచనాలు, తిన్నది ఒంటబట్టదు, రక్తం పలచబడి మనిషి కట్టెపుల్ల అవుతాడు. సుబ్బారావుకు కూడా అదే పట్టుకుంది. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. లక్ష్మీపతి ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదానికి మళ్లిన మనిషి. ఆ తరువాత సుబ్బారావు ఆయన నడిపే ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పి, అటునుంచి అమెరికా వెళ్లారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్యూర్టోరికోలో బెయిలీ ఆష్‌ఫర్డ్ అనే అమెరికా సైనిక వైద్యుడు స్ప్రూకు కారణం దొరికిందని ప్రకటించాడు. పేగుల్లో పెరిగే ఒక ఈస్టు, దాని పేరు మోనీలియా. ఆష్‌ఫర్డ్ ఆషామాషీ మనిషి కాదు. ఆ దీవిలో వేలమందిని పాలిపోయేలా చేస్తున్నది కొంకిపురుగులని 1899లో కనిపెట్టి, ఊరూరా మందు పంచి లెక్కలేనంత మందిని బతికించినవాడు. ఒక కనబడని శత్రువును పట్టుకున్న చేత్తోనే రెండోదాన్నీ పట్టుకున్నాననుకున్నాడు. కానీ అదే ఈస్టు జబ్బు లేనివాళ్ల పేగుల్లోనూ దొరికింది. రోగి ఒంట్లో కనబడిందల్లా రోగకారణం కాదన్న ముక్క దగ్గర ఆ మహానుభావుడు బోల్తాపడ్డాడు. నేటి ఈస్టు పరీక్షల్లో సగం ఇప్పటికీ అక్కడే బోల్తాపడుతున్నాయి.

సుబ్బారావు హార్వర్డ్ దాటి లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు పెద్ద అయ్యాక, 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ పచ్చటి పొడిని క్యూబా, ప్యూర్టోరికోల్లో స్ప్రూ రోగులకు ఇచ్చి చూసిన డాక్టర్లలో టామ్ స్పైస్ ముఖ్యుడు. ఆయన పనిచేసే ఊరూ బర్మింగ్‌హామే కావడం తమాషా. నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. తరువాత కాలంలో స్ప్రూకు కుదిరిన చికిత్స రెండు మందుల జోడీ: ఒకటి ఫోలిక్ ఆమ్లం, రెండోది టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో బయటికి వచ్చింది కూడా సుబ్బారావు బృందంలోంచే, బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా. అన్నదమ్ములను మింగిన జబ్బుకు రెండు మందులూ ఒకే ప్రయోగశాలలో తయారయ్యాయి. రెండింటిలో ఒక్కటీ ఈస్టును చంపేది కాదు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆరియోమైసిన్ వంటి మందులు ఒక జాతి అని కాకుండా రకరకాల బాక్టీరియాను ఊడ్చేస్తాయి. ఆ ఊడ్పుతో ఈస్టుకు ఇరుగుపొరుగు లేకుండా పోయింది. ఆస్పత్రుల్లో నోటిపూతలు, పేగుల బాధలు ఒక్కసారిగా పెరిగాయి. ఈస్టుకు మందు కావాల్సి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఎలిజబెత్ హేజెన్ ఊరూరి మట్టి తెప్పించి, దానిలో ఈస్టును చంపే సూక్ష్మజీవులను వెతికేది. దొరికిన వాటిని సీసాలో పెట్టి ఆల్బనీలో ఉన్న రేచల్ బ్రౌన్‌కు పోస్టులో పంపేది. బ్రౌన్ అందులోని మందును విడదీసి మళ్లీ పోస్టులో వెనక్కి పంపేది. వర్జీనియాలో స్నేహితుల పొలం మట్టిలో దొరికిన నిస్టాటిన్‌ను 1950లో ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరే దానికి పెట్టారు. పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు పోదు కాబట్టి పసిబిడ్డ నోట్లో నిశ్చింతగా వేయవచ్చు. మందు మీద వచ్చిన 1 కోటి 30 లక్షల డాలర్ల రాబడిని ఇద్దరూ పరిశోధనలకే ఇచ్చేశారు. 1966లో ఫ్లోరెన్స్ నగరం వరదలో మునిగితే, బూజు పట్టిన చిత్రాలను కాపాడటానికి కూడా ఇదే మందు వాడారు.

పూత ఎక్కువ కావడానికి ఒక పెద్ద కారణం 1948లో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. ఏ మెట్ట ఊళ్లోనైనా జలుబు చేసిన బిడ్డ ఉన్న ఇంటి అటక మీద వెతకండి: ఒక యాంటీబయాటిక్ పొడి మందు సీసా దొరుకుతుంది. సీసా మీద గీత ఉంటుంది, ఆ గీత దాకా కాచి చల్లార్చిన నీళ్లు పోసి గిలక్కొట్టాలి, వారంలో వాడేయాలి. నీళ్లు గీత దాటి ఉంటాయి, సీసా మూడు వారాలనాటిది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చి ఉంటాడు, లేదా పోయినసారి చీటీ చూపించి తండ్రే మందుల షాపులో అడిగి తెచ్చి ఉంటాడు. జలుబు వైరస్ జబ్బు, దానికి యాంటీబయాటిక్ దండగ. దండగతో పోకుండా నోట్లో, పేగుల్లో మంచి బాక్టీరియాను ఊడ్చి ఈస్టుకు వాకిలి తీస్తుంది. చిన్నపిల్లల ఈస్టుకు ప్రకృతి వైద్యం అని ఏదన్నా ఉంటే దాని మొదటి మెట్టు ఈ సీసా తెరవకపోవడమే. అక్కర్లేని మందు మానేయమని చెప్పే వీడియోకు గిరాకీ ఉండదు. దానిలో అమ్మడానికి ఏమీ లేదు కదా.

రెండో మెట్టు పాలసీసా. పీక సందుల్లో పాలు ఎండి ఈస్టుకు ఇల్లవుతుంది. 1992 నాటి చట్టం మన దేశంలో పాలసీసాల ప్రచారాన్నే నిషేధించింది. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, తప్పనిసరై పై పాలు పడితే గిన్నె, చెంచాతో పట్టమని డాక్టర్లు చెబుతారు. ఉగ్గుగిన్నె చేసే పనే అది. చెంచాల మాట వస్తే ఉదయగిరిని మించిన ఊరేది? దిలావర్ భాయ్ వీధిలో ఆడవాళ్లు చెక్కే కొయ్య చెంచాలకు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాళ్లు చెక్కిన చెంచా కాడ మీది నగిషీ చూస్తే పాలు పట్టడం పక్కనపెట్టి చెంచానే చూస్తూ కూర్చోవాలనిపిస్తుంది. అయితే పూత వచ్చిన బిడ్డకు మాత్రం మరిగే నీళ్లలో పదేపదే వేయగల స్టీలు చెంచా మేలు.

పిరుదుల మీద వచ్చే ఈస్టుకు ఊళ్లో ఉన్న పేరు ఒరుపు. డైపరు తడిలో చర్మం నానిపోతుంది. గజ్జల మడతల్లో ఎర్రగా మండిపోతూ, అంచుకు కాస్త దూరంగా చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనబడితే అది మామూలు ఒరుపు కాదు, ఈస్టు. దీనికి మెట్ట ప్రాంతం చేతిలో పైసా ఖర్చులేని మందు ఉంది: గాలి. డైపరు విప్పి బిడ్డను పాత నూలుగుడ్డ మీద నీడపట్టున పడుకోబెట్టడం, గుడ్డలు ఎండలో కరకరలాడేలా ఎండబెట్టడం. తగ్గకపోతే డాక్టరు చెప్పిన ఈస్టు క్రీము. ఇక్కడ ఒక గోతి ఉంది. షాపులో అడిగితే చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన మర్నాడే ఎరుపు మాయమై అద్భుతం అనిపిస్తుంది, వారానికి రెట్టింపై తిరిగొస్తుంది, పసి చర్మం పలచబడుతుంది.

కొబ్బరినూనె మాటేమిటి? 2001లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు కొబ్బరినూనెలో ఉండే కొన్ని కొవ్వు ఆమ్లాలు క్యాండిడాను చంపుతాయని చూపారు, గాజు పళ్లెంలో. వెల్లుల్లి కూడా గాజు పళ్లెంలో దాన్ని చంపుతుంది. పళ్లేనికి నొప్పి తెలియదు. పచ్చి వెల్లుల్లి ముద్ద పసి చర్మం మీద పెడితే కాలిన బొబ్బలు లేస్తాయి. కొబ్బరినూనె ఒంటికి రాస్తే నష్టమేమీ లేదు, పూతకు అదే మందనుకుని ఆలస్యం చేయడంలోనే ఉంది నష్టం. ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తగా మెదిపిన పెరుగన్నం నిక్షేపంగా పెట్టవచ్చు. అది మందుగా పనిచేస్తుందో లేదో గానీ తిండిగా తప్పకుండా పనిచేస్తుంది. ఇక యాంటీబయాటిక్ విరేచనాలకు డాక్టర్లు రాసే ఒక పొట్లం ఉంది. 1920ల్లో ఆన్రీ బూలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో కలరా రోజుల్లో లిచీ, మాంగోస్టీన్ తొక్కల వల్ల కొందరికి విరేచనాలు తగ్గడం చూసి, ఆ తొక్కల మీదినుంచి వేరుచేసిన జీవి అందులో ఉంటుంది. ఆ జీవి ఏమిటో తెలిస్తే వీడియోల వాళ్లు ఉలిక్కిపడతారు. అది ఈస్టే.

పూత విషయంలో భయపడాల్సిన సందర్భాలు లేకపోలేదు. నెలలు నిండకుండా పుట్టి, ఐసీయూ గొట్టాల మధ్య ఉన్న పసికందు రక్తంలోకి క్యాండిడా చేరితే ప్రాణం మీదికి వస్తుంది. దానికి పథ్యాలు, నూనెలు పనికిరావు. ఏడాది దాటాక, యాంటీబయాటిక్ ఏదీ వాడకుండానే పూత మళ్లీ మళ్లీ వస్తుంటే, మందు వేసినా వదలకపోతే, బిడ్డ పాలు తాగడం మానేస్తే, జ్వరం తోడైతే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. వదలని పూత కొన్నిసార్లు మధుమేహానికో, హెచ్‌ఐవీకో, మరో రక్షణ లోపానికో మొదటి ఆనవాలు. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, ఫలితం గుట్టుగా చెబుతారు. తొందరగా తెలిస్తే మందులతో బిడ్డ బడికి పోతుంది, పెళ్లీడుకు వస్తుంది. ఇలాంటి బిడ్డకు ఆరు నెలలు ఈస్టు పథ్యం చేయిస్తూ కూర్చుంటే పోయేది ఆ ఆరు నెలలే.

మామూలు పూతకు ఆస్పత్రిలో జరిగేది చాలా చప్పగా ఉంటుంది. డాక్టరు టార్చి వేసి నోరు చూస్తాడు, తల్లి చనుమొనలు పగిలాయా, మండుతున్నాయా అని అడుగుతాడు, అలా ఉంటే ఇద్దరికీ కలిపి మందు రాస్తాడు. ఒక్కరికే వేస్తే ఈస్టు ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా రాసేది క్లోట్రిమజోల్ చుక్కల సీసా. పాలు పట్టాక శుభ్రమైన వేలితో నోటిలోపల పూయాలి, తెలుపు పోయినా చెప్పినన్ని రోజులు ఆపకూడదు. ఆపైన తల్లీబిడ్డల రక్షణ కార్డు అడుగుతాడు. అంగన్వాడీ కార్యకర్త నెలనెలా చుక్క పెట్టి కలిపిన బరువు గీత అందులో ఉంటుంది. గీత పైకి పోతుంటే చుక్కల మందుతో ఇంటికి పంపేస్తాడు. అడ్డంగా పోతుంటే మాత్రం కలం కింద పెట్టి, ఇంట్లో బిడ్డకు ఏం మానిపించారో ఒక్కొక్కటే అడగడం మొదలుపెడతాడు.